ఆమె పరుపుకు నా నడుము

నిద్ర సుఖమెరగదని సామెత కట్టినవాడికి నడుము నొప్పి ఉండి ఉండదు. మా ఆవిడకు ఉంది. మా ఊరు తళి దగ్గర పూలతోటలో వంగి పూలు కోసీ కోసీ, పోయిన వానాకాలానికి ఆమె నడుము ఇక నావల్ల కాదంది. డాక్టరు మాత్రలిచ్చాడు, బెల్టు రాశాడు, పరుపు మార్చమన్నాడు. మా దూది పరుపు మధ్యలో గుంతపడి ఇద్దరినీ ఒకే చోటికి దొర్లిస్తుంది. పెళ్ళైన కొత్తలో దాని మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇప్పుడామె రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుంటోంది. పక్కన నేను గురకపెడుతున్నానట. నేనైతే వినలేదు.

ఫోనులో లేటెక్స్ పరుపుల గురించి చదివాను. రబ్బరు చెట్టు పాలతో చేసేది నేచురల్, ఫ్యాక్టరీలో రసాయనాలతో చేసేది సింథటిక్. కొన్నాళ్ళకు రబ్బరు గురించి నాకు తెలియనిది లేకుండా పోయింది. ఇంట్లో వినేవాళ్ళూ లేకుండా పోయారు.

ఒక ఆదివారం బస్సెక్కి హోసూరు వెళ్ళాం. పరుపుల అంగడి రోడ్డు మీదే ఉంది, ముందంతా అద్దం. లోపల నేచురల్ ఒకటి, సింథటిక్ ఒకటి పక్కపక్కన పరిచి ఉన్నాయి.

"పండుకొని చూడమ్మా" అన్నాడు అంగడాయన.

మా ఆవిడ అతన్ని చూసింది. అద్దంలోంచి ఎదురుగా టీ తాగుతున్న జనాన్ని చూసింది. పరాయి మగవాళ్ళ ముందు ఆడది నడుం వాల్చడం మా వైపు ఆసుపత్రిలో తప్ప కుదరదు. "నువ్వు పండుకో" అంది నాతో.

పడుకున్నాను. ఆమె నా చెప్పులకు కాపలా నిలబడింది.

"ఎట్లుంది?"

"బాగుంది."

రెండోదాని మీదికి మారాను. అదీ బాగుందన్నాను.

"నీకు బండ మీద పండుకున్నా బాగుంటాది. నా నడుముకు ఎట్లుంటాదో చెప్పు."

అది నాకెలా తెలుస్తుంది? అయినా రెండింటి మీదా మరోసారి శ్రద్ధగా పొర్లాను.

లోపల స్టూలు మీద అంగడాయన తల్లి అనపకాయలు ఒలుస్తోంది. "నొప్పి ఎవురికప్పా?" అని అడిగింది.

"ఆమెకమ్మా."

"మరి నువ్వేల దొర్లతా ఉండావు?"

లేచి చెప్పులు వెతుక్కున్నాను. ఆ పెద్దావిడ చేట పక్కన పెట్టి లేచింది. "మొగోళ్ళంతా బయటికి పోండప్పా" అని కొడుకుతో సహా వెళ్ళగొట్టి, షట్టర్ మోకాళ్ళ ఎత్తుకు దించేసింది.

టీకొట్టు ముందు అంగడాయన నా చేతిలో రెండు పరుపు ముక్కలు పెట్టాడు. "ఇది నేచురల్. నొక్కి వదులు, ఎట్లా లేస్తాదో చూడు. బరువు జాస్తి, కొత్తలో రబ్బరు వాసన కొడతాది, గానీ శానా ఏండ్లు వస్తాది. ఇది సింథటిక్. తేలిక, రేటూ తక్కువ, గానీ తొందరగా అణిగిపోతాది."

నొక్కి చూశాను. టీ తాగుతున్న ఒకాయన కూడా అడక్కుండానే నొక్కి, తలాడించాడు. నేచురలే కొనాలని తేల్చేశాను. చదువుకుని వచ్చినవాణ్ణి, తేల్చడానికి ఎంతసేపు?

రెండో టీ అయినా షట్టర్ లేవలేదు. వంగి లోపలికి చూశాను. మా ఆవిడ సింథటిక్ పరుపు మీద పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని నిద్రపోతోంది.

పెద్దావిడ నోటి మీద వేలు పెట్టింది. "ఆ నేచురలు నడుమును ఎత్తి తోస్తా ఉండాదంట. దీని మీద పండుకొని మాట్లాడతా మాట్లాడతానే నిద్ర పోయింది" అని గుసగుసలాడింది.

"అమ్మా, బేరాలొచ్చే టైము" అన్నాడు కొడుకు వెనక నుంచి.

"బేరం నిద్రపోతా ఉండాది, కనబల్లేదా?"

వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. ఆమె నిద్రపోతుంటే చూసి ఎన్నాళ్ళైందో. ఏడుపొచ్చింది. చుట్టూ జనం ఉన్నారు కాబట్టి, పట్టేసినట్టు నా నడుము పట్టుకున్నాను. టీ ఆయన జాలిపడ్డాడు.

అంతలో ఏదో బస్సు హారన్ కొట్టింది. మా ఆవిడ కళ్ళు తెరిచి, షట్టర్ కింది వెలుతురునూ, అందులో నా ముఖాన్నీ చూసింది.

"తెల్లారిందా?" అంది.

నొప్పి మొదలైనప్పటి నుంచీ మా ఇంట్లో ఆ మాట అడిగేది నేను. జవాబు చెప్పేది ఆమె.

"ఇంకా లేదు, పండుకో" అన్నాను.