దారంతో గీసిన వృత్తం

మా లెక్కల ట్యూషన్ టీచర్‌ని అందరం ఆపా, అంటే అక్కా, అనేవాళ్లం. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో, ఆపా వాళ్లింటి ముందుగదిలోనే ట్యూషన్. నేను పంజాగుట్ట నుంచి నడిచి వెళ్లేదాన్ని.

వృత్తం గీయడానికి ఆపా కంపాస్ ముట్టేది కాదు. దారం ఒక కొసను బోర్డు నడుమ నా బొటనవేలితో నొక్కి పట్టించి, రెండో కొసకు చాక్‌పీసు కట్టి చుట్టూ తిప్పేది.

"కేంద్రం కదలొద్దు బేటా. దానికి ఎప్పుడూ ఒకటే దూరంల ఉంటూ బిందువు నడిచిన తొవ్వే బిందుపథం," అనేది. గీత మొదలైన చోటికి రాగానే "కలిసిందా?" అని అడిగేది. అదొక అలవాటనుకున్నాం.

ఒకరోజు చాక్‌పీసు ముడి జారి గీత పక్కకు పోయింది. ఆపా మాత్రం ఎప్పటిలాగే నవ్వుతూ "కలిసిందా?" అంది. ఆమెకు చూపు ఆనడం లేదని మాకు అప్పుడు తెలిసింది. ముందు వరసలోని ఒక అమ్మాయి మెల్లగా లేచి, ఉత్తచేత్తోనే చాక్‌పీసు పట్టి ఆ గీత కొసల్ని కలిపి, "కలిసింది ఆపా," అంది.

చాక్‌పీసు చప్పుడు ఆపా విననే విన్నది.

"దారం లేకుండ గీసినవా?"

అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆపా అరచేత్తో వృత్తమంతా తుడిచేసింది. తర్వాత బోర్డు తడుముకుంటూ వచ్చి, నడుమ ఇంకా నొక్కిపట్టి ఉన్న నా వేలును పట్టుకుంది.

"ఏం ఫికర్ లేదు. ఈ పిల్ల వేలు తియ్యలే. మల్ల గీద్దాం."

ఇప్పటికీ అమీర్‌పేట దగ్గర మెట్రో గుండ్రంగా మలుపు తిరుగుతుంటే, నా బొటనవేలు దానంతటదే బిగుసుకుంటుంది.