పొడిగా దాచిన తూటా

కొత్త కోడలిగా అడుగుపెట్టిన రోజుల్లో మనకి అన్నీ తెలుసన్న ధీమా ఎక్కువ, ఎవరినైనా అడగాలంటే నామోషీ. సముద్రం అవతల, లమ్మడా పేటలో మూడో అంతస్తులో ఉన్న అత్తవారింటికి నేనూ అలాగే వచ్చాను. మావయ్యది సేక్కాన్ రేవులో పని. ఒకప్పుడు, వేటగాడైన వాళ్ళన్నయ్య కోసం ఆయన ఇంట్లోనే తూటాలు నింపేవారట. పేలిన ఇత్తడి గొట్టాలు తోమి, చిన్న తక్కెడలో మందు తూచి పోసి, పైన గుండు బిగించేవారు. కణుజు దుప్పుల వేటకని కొండల్లోకి వెళ్ళిన ఆ అన్నయ్య మళ్ళీ రాలేదు. వెళ్తూ ఒక్క తూటా తమ్ముడి చేతిలో పెట్టి, "ఒచ్చేక పేలుస్తాను, తడవనీకు" అన్నాడట. వానాకాలం చెమ్మకి భయపడి మావయ్య దాన్ని బియ్యం డబ్బా అడుగున దాచారు. అది పొడిగా ఉన్నంతకాలం అన్నయ్య బతికున్నట్టే ఆయనకి. తద్దినం మాట ఎవరినీ ఎత్తనిచ్చేవారు కాదు. పెద్దత్త (ఆ అన్నయ్య భార్య) రోజూ బొట్టు పెట్టుకుని తిరిగేది.

ఇవేవీ అప్పటికి నాకు తెలియవు. ఓ శుక్రవారం తెల్లవారుజామున కరెంటు పోయింది. చీకట్లో డబ్బా అడుగున మిగిలిందంతా గిన్నెలోకి వంపి కడుగుతుంటే చేతికి గట్టిగా ఏదో తగిలింది. మా పుట్టింట్లో పురుగు పట్టకుండా బియ్యంలో పసుపు కొమ్ము వేసేవాళ్ళం. అదే కాబోలు, శుక్రవారం పూట మంచిదేలే అని పొయ్యి మీద పెట్టేశాను. (ఇంత నున్నటి కొమ్ము ఏ బజారులో కొన్నారో అని మెచ్చుకున్నాను కూడా!)

వడ్డిస్తుంటే మావయ్య కంచంలో ఖంగుమంది. ఆడపడుచు తన కంచంతో సహా మెట్లు దిగి వీధిలోకి పారిపోయింది. మావయ్య మాత్రం కదల్లేదు. తూటాని తుడిచి, చెవి దగ్గర ఆడించి చూశారు. మందు చప్పుడు లేదు. "తడిసిపోనాది... ఏటి సేసినావమ్మా! అన్నయ్యొచ్చి అడిగితే నానేటి సెప్పాల?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

పెద్దత్త వచ్చి పక్కన కూర్చుంది. "మీ అన్నయ్య రాడు బాబూ. నాకెప్పుడో తెల్సు. నీకోసరమే ఈ బొట్టెట్టుకుంతన్నాను. ఆ అన్నమే ముద్ద సేసి ఎట్టు."

మావయ్య ముద్ద చేసి వరండా గోడ మీద పెట్టారు. కాకి వాలగానే "పో, పో" అని తరిమేశారు. మళ్ళీ వాలింది, మళ్ళీ తరిమారు. చివరికి పెద్దత్త ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాకి తినేసింది. ఇద్దరూ భోరుమన్నారు.

నేనూ ఏడ్చాను, కానీ నిజం చెప్పొద్దూ, ఆ పూట ఇంట్లో ఎవరూ ముట్టని నా అన్నాన్ని ఆ కాకైనా తిన్నందుకు లోలోపల మురిసిపోయాను. ఇరవై ఏళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది? ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద కోపం రాదు. నవ్వొస్తుంది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటాను.