కింద కూసున్నోళ్ళను చూసే కండ్లు

నా చిన్నప్పుడు బడిల ఒక్క చాప మీద నా పక్కన కూసున్న పిల్ల చనిపోయిందని నాకు మొదలు చెప్పింది, మా ఛత్రినాకల పొద్దున్నే పూలు తెచ్చే అక్క. మూర కొలుచుకుంటనే చెప్పింది. "అమ్మా, ధూల్‌పేట్‌ల గణపతులు చేసేటోళ్ళ ఇంట్ల పెద్దామె పోయిందట. నీ దోస్తే గదా?" ఆ రోజు ఏడ్చిన. కోపం మాత్రం దినాల నాడు వచ్చింది. అది ఇంకా పోలేదు. పూజల కూసున్నా పోతలేదు. అందుకే రాస్తున్న.

అప్పుడు మేము ధూల్‌పేట్‌లనే ఉంటుంటిమి. నాకు ఊహ తెలువకముందే పోలియో వచ్చి కాళ్ళు పడిపోయినయి. మా బాపు నన్ను భుజాన ఎత్తుకొని బడిల దించి, పనికి పోయేటోడు. రెండో తరగతి దాంక నడిచింది. మూడో తరగతి మేడ మీద. పెద్దసారు మా బాపును పిలిచి, రోజూ మెట్లెక్కించేది ఎవరు, ఇంట్లనే ఉంచుకోండ్రి అన్నడు. మా బాపు లొల్లి చెయ్యలేదు. నన్ను ఎత్తుకొని ఇంటికి తెచ్చి, ఆ రాత్రి నుంచే తనే చదువు మొదలుపెట్టిండు. నాలుగు అక్షరాలు రాయగలుగుతున్ననంటే, భాగవతం చదువుకుంటున్ననంటే ఆయన పుణ్యమే. రోజూ ఆయనకు దండం పెట్టుకోని లేస్త.

బడిల మిగతా పిల్లలు నన్ను తొందరగనే మరిచిపోయిన్రు. ఆ పిల్ల ఒక్కతే మా ఇల్లు వెతుక్కుంట వచ్చింది. "నువ్వు లేకపోతే చాప మీద జాగ ఎక్కువైంది, మంచిగ లేదు" అన్నది. వాళ్ళింట్ల హిందీ మాట్లాడుకునేటోళ్ళు. నాతోటి మాత్రం తెలుగే. బడి నుంచి వచ్చినంక మట్టి తెచ్చే తోపుడుబండి మీద నన్ను కూసోబెట్టి, గల్లీ అంత అదురుకుంట వాళ్ళ కార్ఖానాకు తోసుకపోయేది. నేను దిగేసరికి నా లంగా నిండ మట్టి. మా అమ్మ తిట్టేది, మళ్ళ పొద్దుగూకంగనే తయారుచేసి పంపేది.

వాళ్ళ కార్ఖానాల ఒక పద్ధతి ఉండె. బొమ్మకు అన్నీ అయినంక, రంగులు ఆరినంక, కండ్లు ఆఖరుకు గీస్తరు. అప్పుడు బొమ్మ చుట్టు పరదా కడతరు. లోపల గీసేటోళ్ళు తప్ప ఇంకొకరు ఉండొద్దు. చూసేటోళ్ళందరు లోపల ఆ ఇంటి మొగోడు ఉన్నడనుకునేటోళ్ళు. లోపల ఉండేది వాళ్ళ నాయనమ్మ. ముసలామెకు చెయ్యి వణుకుడు మొదలైనంక కుంచె మనవరాలికి ఇచ్చింది. అప్పటికి మేము పదేండ్ల పిల్లలం.

ఒకనాడు ఆ నాయనమ్మ నన్ను కూడ పరదా లోపలికి ఎత్తుకపోయింది. గణపతి ముందట నేల మీద కూసోబెట్టింది. "బైఠ్ బేటీ. గాడనే కూసో, కదలకు" అన్నది. నా దోస్తు స్టూలెక్కి గీసింది. గీసి, "చూస్తుండా?" అని అడిగింది.

"లేదు. నా మీదికెళ్ళి ఎటో చూస్తుండు" అన్న.

తుడిచింది. మళ్ళ గీసింది. దిగొచ్చి నా పక్కన కూసొని చూసి, మళ్ళ ఎక్కింది. "ఇప్పుడు?"

"నీ తమ్ముని లెక్క దొంగచూపు చూస్తుండు."

ముసలామె నోట్ల తమలపాకు బయటికి వచ్చేటట్టు నవ్వింది. తర్వాత నా దిక్కు తిరిగి మెల్లగ చెప్పింది. నిలబడి మొక్కేటోళ్ళను అందరు చూస్తరట. కింద కూసున్నోళ్ళను, ముందుకు రానోళ్ళను దేవుడన్న చూడాలె గదా అన్నది. అందుకే కండ్లు స్టూలు మీది నుంచి గీసినా, నేల మీద కూసొని చూసుకోవాలట. అంతల నా దోస్తు నల్లగుడ్డును ఇంత కిందికి దించి, దాంట్ల తెల్లచుక్క పెట్టింది. స్వామి నన్ను చూసిండు. బడి మెట్లు ఎక్కలేని నన్ను, పేరు పెట్టి పిలిచినట్టు చూసిండు. నా భక్తి ఆడ మొదలైంది.

ఆ రోజే ముసలామె ఇంకొక మాట కూడ చెప్పింది, నవ్వుకుంటనే. "బయట చెప్పకుండ్రి. ఆడదాని చెయ్యి పడ్డదంటే మండపాలోళ్ళు బొమ్మ తీసుకోరు. నేను మామ పేరు మీద గీసిన, మొగని పేరు మీద గీసిన. ఇది దీని బాప్ పేరు మీద గీస్తది." మేమిద్దరం కూడ నవ్వినం. ఇప్పుడు ఆ నవ్వు యాదికొస్తే నా ఒళ్ళు మండుతది.

నా దోస్తు అట్లనే నాయన పేరు మీద గీసింది. నాయన పోయినంక తమ్ముల్ల పేరు మీద గీసింది. పెండ్లి చేసుకోలేదు. నేను పెండ్లయి ఛత్రినాకకు వచ్చినంక, నా జాగల తనే దిగి నేల మీద కూసొని చూసుకునేది. మా గల్లీ గణపతి ప్రతి యేడు ఆ ఇంటి నుంచే వస్తడు. నేను మండపంల కింద కూసొని తలెత్తితే, నన్నే చూస్తడు. దోస్తు మంచిగున్నదని నాకు అట్ల తెలిసేది.

దినాలకు ఆటోల పోయిన. కార్ఖానా ముందట పెద్ద ఫ్లెక్సీ కట్టిన్రు. 'మా అక్కకు శ్రద్ధాంజలి' అని రాసి, కింద ఇద్దరు తమ్ముల్ల పేర్లు, ఫోటోలు. ఆమె పేరు ఏడ లేదు. లోపల చిన్న తమ్ముడు ఎవరో మండపం పిల్లగాండ్లకు చెప్తుండు. "పాపం, ఇంట్లనే పడి ఉండేది. మేమే చూసుకున్నం. కండ్ల ఫికర్ వద్దు భాయ్, అది నా చెయ్యే గదా."

ఆ పక్కన రెండు గణపతులున్నయి. ఒకటి ఆమె పోకముందే కండ్లు గీసినది. ఇంకొకటి ఆమె పోయినంక అయిన కొత్తది. నేను నేల మీదనే ఉన్న కాబట్టి ఏది ఎవరి చెయ్యో నాకు చూసుడుతోనే అర్థమైంది. ఆ పిల్లగాండ్లను పిలిచి, "బిడ్డా, ఒక్కసారి నా పక్కన కూసోండ్రి" అన్న. కూసున్నరు. ఒకడు పాత దాని దిక్కు చూసి చేతులు జోడించిండు. కొత్తదాన్ని చూసి, "అమ్మా, ఇది గోడను చూస్తుంది" అన్నడు.

"తమ్మీ, ఆ పాతదాని కండ్లు ఎవరు గీసిన్రో చెప్పు" అని చిన్న తమ్ముని అడిగిన.

చిన్న తమ్ముడు నా మొకం చూడలేదు. "ఇప్పుడు గా లొల్లి ఎందుకక్కా. సీజన్ ముందటున్నది" అన్నడు.

అంతే. ఇన్నేండ్ల పని ఒక్క సీజన్ కింద పూడ్చిపెట్టిండు. ఆడదాని చెయ్యి మైల అన్నోళ్ళందరు ఆ చెయ్యి తెరిచిన కండ్లకే హారతి పట్టిన్రు, ఆ కండ్లల్లనే చూసుకుంట కోరికలు కోరిన్రు. స్వామి మీద నాకు కోపం లేదు. ఆయన చూసిండు. చూసినోళ్ళు చెప్పకపోయినందుకే నాకు మండుతది.

నేను ఇప్పటికీ ఎవరింటికి పోయినా మొదలు మూలకు కూసున్నోళ్ళనే చూస్త. అది ఆ పరదా లోపల నేర్చుకున్నదే. మీరు ఈ యేడు పాతబస్తీల ఏ మండపానికి పోయినా, నిలబడి మొక్కి వచ్చెయ్యకుండ్రి. ఒక్కసారి కింద కూసోండ్రి. ఆమె పోకముందు కండ్లు గీసిన ఏ బొమ్మనో, ఎవరి ఇంట్లనో దాచుకున్న మట్టి గణపతో తిన్నగ మీ కండ్లల్లకు చూస్తే, ఆ చూపు పెట్టిన మనిషిని తలుచుకోండ్రి. ఫ్లెక్సీ మీద రాయని పేరు నేను రాస్తున్న. ఆమె పేరు లీలాబాయి.