తెల్లబడిన పెళ్లికొడుకు

బోధన్‌లో ఫొటో స్టూడియో నడిపిన అన్న కంప్యూటర్ తెర మీది రంగును నమ్మేవాడు కాదు. ప్రతి ప్రింటునూ బయటికి తెచ్చి ఎండలో చూసేవాడు.

నా భర్త పోయాక మిగిలింది మా పెళ్లి నెగెటివ్ ఒక్కటే. అన్న దాన్ని స్కాన్ చేసి తీసిన ఫొటోలో ఆయన తెల్లగా వచ్చాడు.

“గీయన మా ఆయన కాదన్నా. మా ఆయన నల్లగుంటుండె.”

“అందరు తెల్లగ జెయ్యమంటరు, నువ్వేంది చెల్లె!” అని నవ్వాడు. “పెండ్లి చీర పట్టుకరా పో. చీర రంగు కలిస్తే మొఖం రంగు గూడ కలుస్తది.”

ఫొటోలో నేను కట్టుకున్న చిలకపచ్చ చీర పెట్టెలో దాచి ఉంటే తెచ్చాను. ఎండలో దాని పక్కన ఫొటో పెట్టి చూడడం, లోపలికెళ్లి రంగు సరిచేయడం, మళ్లీ ప్రింటు తీయడం. ఆరో ప్రింటులో పచ్చ అచ్చంగా కలిసింది. ఆ పచ్చ పక్కన, చెరకు కొట్టి ఎండకు కమిలిన ఆయన నల్లటి ముఖం.

“వచ్చిండన్నా!” అని బజారంతా వినేలా అరిచాను.