కుట్టు మానేసిన లింబాద్రి

2004లో సౌదీలోని జిద్దాలో, షరఫియా పేటలో లింబాద్రి పాకిస్తానీ దర్జీ రహ్మత్ దగ్గర కుట్టుపని నేర్చుకునేవాడు. కాళ్లు మిషన్ తొక్కుతున్నా, కళ్లు పక్కనున్న రొట్టెల బట్టీ మీదే ఉండేవి. అక్కడి అఫ్గానీ పనివాడు పిండిముద్దను వేళ్లతో సాగదీస్తుంటే నోరు తెరుచుకుని చూసేవాడు. రెండు కొట్లూ వీసా ఇచ్చిన యజమాని, ఒకే కఫీల్‌వి కనుక పని మారడానికి అడ్డం లేదు. రహ్మత్ కత్తిరింపు నేర్పుతానన్న రోజునే, "ఉస్తాద్, నేను రొట్టెల పనికి పోతా," అని వచ్చీరాని హిందీలో చెప్పేశాడు. రహ్మత్ మొహం తిప్పుకున్నాడు. ఊరికి ఫోన్ చేస్తే భార్య, "చేతికొచ్చిన పని ఇడిసిపెడ్తవా? గా బట్టిల ఏమున్నది?" అంది. "గదే సూడాలె," అన్నాడు.

బట్టీలో చేరిన వారమంతా రొట్టెలు మాడాయి, ముంజేతులు కాలాయి. శుక్రవారం రహ్మత్ వచ్చి వరసలో నిలబడ్డాడు. లింబాద్రి వంకర రొట్టె ఒకటి అందించాడు. రహ్మత్ దాన్ని తిప్పి చూసి, అక్కడే నిలబడి తిన్నాడు. "ఇంకొకటి," అన్నాడు.