నా ముప్పై, పాప ముప్పై

పాత బడిదారిలో పోయినవన్నీ వరసగా రాస్తే ఇలా వచ్చాయి: ఫుట్‌పాత్ ముక్కలు మూడు, వేపచెట్లు తొమ్మిది, రోడ్డు దాటడానికి వేసిన తెల్లచారలు రెండు చోట్ల, ఇనుప కమ్మీల అడ్డు ఒకటి, సిమెంటు బల్ల ఒకటి, చెప్పులు కుట్టే ముసలాయన ఒకరు. మొత్తం పదిహేడు. మనిషిని చెట్లతోనూ కమ్మీలతోనూ కలిపి కూడవచ్చునా అని కాసేపు తటపటాయించాను గాని, గల్లీ మలుపులో పిల్లలు కనబడగానే ఆయన చేతిలో పని పక్కన పెట్టి, లేచి, ఆటోలకు చెయ్యి అడ్డం పెట్టేవాడు కనుక చివరికి కూడేశాను. అది సరైన కూడికేనో కాదో ఇప్పటికీ తెలియదు.

ఈ లెక్క నా అంతట నేను మొదలుపెట్టింది కాదు. నేను ఇప్పుడుంటున్నది వసంత్ కుంజ్‌లో. బడి వేళకు కార్లు పెరిగి రోడ్డు అరగంటసేపు కదలకుండా పోతోందని, కొందరు పిల్లలనైనా నడిపించే దారులేమైనా ఉన్నాయేమో చూసి రాయమని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫారం వచ్చింది. ఇక్కడ నన్నందరూ లెక్కల అంకుల్ అంటారు గనుక ఆ పని నా మీద పడింది. నేను చదివింది పదో తరగతి. మిగతాదంతా గోడౌన్లలో సరుకు ఎంచుతూ నేర్చుకున్నది. ఫారం పట్టుకుని కిందికి దిగి, మా కాలనీ దారి ఏదో రాయవలసినవాణ్ణి, ఎందుకో ఆటో ఎక్కి మునిర్కా వెళ్లి, మా పాత గల్లీ చివర నిలబడ్డాను. బడికి నడిచే దారి అంటే నాకు అడుగడుగునా తెలిసినది అదొక్కటే. ఆ లెక్క మా కాలనీవాళ్లకు దేనికి పనికొస్తుందో నాకే బోధపడటం లేదు.

ఇరవై ఏళ్లు కావస్తోంది. అప్పుడు మునిర్కాలో నాలుగో అంతస్తు గదిలో ఉండేవాణ్ణి. పక్క గదిలో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. నేను ఆ ఇంటావిడను అక్కా అనేవాణ్ణి, విద్యార్థుల మెస్సులో వంట చేసే ఆమె భర్తను బావా అనేవాణ్ణి. వాళ్లకు తొమ్మిదేళ్ల పాప. ఆ పాపా, మా మెట్ల మీది ఇంకో నలుగురు పిల్లలూ పెద్ద రోడ్డుకు అవతలనున్న బడికి నడిచే వెళ్లేవాళ్లు. నా బస్టాపు కూడా అవతలే కనుక, పొద్దున్నే ఆ అయిదుగురినీ దాటించడం నా పని అయింది.

దాటే చోట సిగ్నల్ లేదు. కుడివైపు కాస్త దూరంలో ఒకటి కనబడేది. అక్కడ ఎర్రదీపం పడ్డా, అప్పటికే దాన్ని దాటిన బళ్లు మా మీదికి వస్తూనే ఉండేవి. వారం రోజులు నిలబడి చూసి ఒక లెక్క తేల్చాను: ఎర్రదీపం పడ్డప్పటినుంచి ముప్పై లెక్కపెడితే ఆఖరి బండి పోతుంది, ఆ తరవాత పిల్లలు నింపాదిగా దాటడానికి సరిపడా రోడ్డు ఖాళీగా ఉంటుంది. గడియారం చూడలేదు. మా నాన్న ధాన్యం కొలిచే మనిషి. కుంచం ఎత్తినప్పుడల్లా ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టి, రెండూ, మూడూ అంటూ రాగం తీసి, కుంచం గోనెలో బోర్లించేదాకా ఆ మాట సాగదీసేవారు. నాకు ఎంచడమంటే అదే. నా ముప్పై ఏ రోజైనా ఒకేలా ఉంటుందని నాకు గట్టి నమ్మకం, అది నిజం కూడా.

చలికాలం మొదట్లో నా డ్యూటీ తెల్లవారు ఆరింటికి మారింది. పిల్లలను దాటించేవాళ్లు లేరు. అందుకని పాపను గదిలో కూర్చోబెట్టి ముప్పై లెక్క నేర్పాను. అమ్మానాన్నలతో కూడా హిందీలోనే మాట్లాడే ఆ పిల్ల, నా కోసం తెలుగులో, ఇరవై ఆరు దగ్గర ఆగుతూ, గుర్తు తెచ్చుకుంటూ, ఎక్కడా తప్పకుండా అప్పజెప్పింది. నేను సంతోషించాను. తప్పు లేకుండా చెప్పిందా అని చూశానే తప్ప, ఎంతసేపట్లో చెప్పిందో చూడలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం గోడౌనుకు ఫోను వచ్చింది. పాప ముందు నడిచి, లెక్క ముగించి, రోడ్డులోకి దిగింది. ఆఖరి ఆటో ఇంకా పోలేదు. మిగతా పిల్లలు వెనకే ఆగిపోయారు. ఆటోవాడు పక్కకు కోసినా దాని అంచు తగిలి పాప పడింది. కుడి మణికట్టు విరిగింది.

సాయంత్రం గుమ్మంలో నిలబడితే అక్క నన్ను కూర్చోమనలేదు.

"లెక్కలు లెక్కలని నా బిడ్డ చెయ్యి ఇరగ్గొట్టినవ్ గద తమ్మీ. ఇగ బడి బంద్. ఊరికి, మా అమ్మ దగ్గరికి పంపిస్త."

"ఆడ అయిదు దాకనే ఉంది బడి. దాని తరవాత ఏం జేస్తది, మేకలు గాస్తదా?" అన్నాడు బావ, నా వంక చూడకుండానే.

"కాస్తే కాసె. మేకలకు హారన్లుండయ్."

పాప కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎవరి మాటకు ఎటు చూడాలో తెలియక అందరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆ చూపు చూసి నేనొక మాట ఇచ్చాను. వార్షిక పరీక్షల దాకా, బడి ఉన్న ప్రతి రోజూ, నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళతాను, అలాగైతే పంపమన్నాను. ఎన్ని రోజులో చెప్పమంది అక్క. గోడ మీది క్యాలెండరు చూసి, కట్టు విప్పే వారం నుంచి లెక్కేసి, ఆదివారాలూ పండుగలూ తీసేసి, అరవై నాలుగు అన్నాను. "యాదిల పెట్టుకుంట," అంది అక్క.

సూపర్‌వైజరును బతిమాలి మధ్యాహ్నం డ్యూటీకి మారాను. కట్టు విప్పిన వారం నుంచి నడక మొదలు. మొదటి రోజు రోడ్డు అంచున నిలబడి, ఎర్రదీపం పడగానే, నేను నా పద్ధతిలో లాభం అని ఎత్తుకున్నాను. పాప నా వేలు పట్టుకుని తనలో తాను గొణుక్కుంటోంది. నేను పంతొమ్మిదిలో ఉండగా చెయ్యి లాగింది.

"చలో అంకుల్. తీస్ హోగయా."

"ఎక్కడమ్మా, ఇంకా పంతొమ్మిదేగా?"

"ఆప్ బహుత్ స్లో హో. నాది అయిపోయింది."

అప్పుడే ఆఖరి ఆటో మా ముందునుంచి పోయింది. గదిలో తెలుగులో వెతుక్కుంటూ చెప్పిన పిల్ల, రోడ్డు మీద తన హిందీలో గబగబా ఏక్, దో, తీన్ అనుకుంది. ఆమె ముప్పై తప్పు కాదు. నా ముప్పై కూడా తప్పు కాదు. రెండు సరైన లెక్కల నడుమ పదకొండు అంకెల ఖాళీలో ఒక ఆటో ఎలా పట్టిందా అని ఆ రోజంతా బస్తాలు తప్పుగా ఎంచాను. తప్పు నాదేనని అక్కకు చెప్పాను. "నాకెర్కే," అంది, అన్నం పెడుతూ.

నడిచాం. నా ముప్పైకే దాటాం. చివరి నెలలో నన్ను నోయిడా గోడౌనుకు పంపారు, తెల్లవారు డ్యూటీ. కొద్ది రోజులే, వచ్చేస్తానని పాపతో అన్నాను. రాలేకపోయాను. అక్క ఇళ్లలో పని మానుకుని తనే తీసుకెళ్లిందని, పాప పరీక్షలు రాసిందని తరవాత విన్నాను. ఎండాకాలంలో నేను వెళ్లేసరికి ఆ గదిలో వేరే వాళ్లున్నారు.

మొన్న ఆ రోడ్డు దగ్గర బడి వేళంతా నిలబడ్డాను. ఇప్పుడు అక్కడే సిగ్నల్ ఉంది, ఎర్రటి అంకెలు వాటంతటవే తగ్గిపోతున్నాయి, ఏ భాషవాడికైనా ఒకటే ముప్పై. కాని నడిచి దాటిన పిల్లలు నలుగురు. మిగతావాళ్లు వ్యానుల్లో, కార్లలో కూర్చుని అదే సిగ్నల్ దగ్గర, ఒకప్పుడు మేము బడి గేటుకు చేరేంత సేపు, కదలకుండా ఉన్నారు. లెక్కపెట్టవలసిన అవసరం పోయింది, నడవవలసినవాళ్లూ పోయారు. దీన్ని పోయినవాటిలో వేయాలో వచ్చినవాటిలో వేయాలో తెలియక ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

పాత మెస్సులో అడిగితే పాప నంబరు దొరికింది. ఇప్పుడు గుర్‌గావ్‌లో ఉద్యోగం. ఫోన్లో గుర్తుపట్టింది. చెయ్యి విరగడం ఆమెకు సరిగా గుర్తులేదు. బడి ఉందనుకుని వెళ్లి, చలి సెలవని గేటుకు తాళం చూసి తిరిగొచ్చిన రెండు రోజులు మాత్రం బాగా గుర్తున్నాయట. దారిలో వేరుశనగకాయలు కొనిపెట్టానట. బడే లేని ఆ రెండు రోజులను ఏ వైపు వేయాలో ఇన్నేళ్లూ తేలక, నా లెక్క ఒకసారి ఒకలా, ఒకసారి ఇంకోలా వచ్చేది. ఆమె మాట విన్నాక వాటిని నడిచిన రోజుల్లోనే వేసేశాను. యాభై ఒకటి. అక్కకు చెప్పిన అరవై నాలుగులో ఇది తీసేస్తే, నేను ఆ పాపకు ఇంకా నడవవలసినవి పదమూడు రోజులు.