ఎక్కడిదాకా బాగుందో చూడాలె

మా పెద్దనాన్న పోయిన కబురు ఖమ్మం దవాఖానా నుంచి వచ్చినప్పుడు నేను బూర్గంపాడులో నా జిరాక్స్ దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. "మీ పెద్దనాన్న పొయ్యిండు బిడ్డా" అని మాత్రమే అన్నది పెద్దమ్మ. సగం ఎత్తిన షట్టర్ కిందే కూర్చుండిపోయాను.

ఇది చదివేవాళ్ళకు ఆయన తెలిసే అవకాశం లేదు. బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. నేల కింద పంపులు, మోటార్లే ఆయన లోకం. ఇంట్లో ప్లగ్గు ముట్టాలన్నా ముందు రెండు చేతులూ తువ్వాలుతో తుడుచుకునేవాడు, అవి పొడిగా ఉన్నా సరే. కరెంటు పోతే మేమంతా గోల చేసేవాళ్ళం. ఆయన గడప దాటి, ఎదురింట్లో ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూసి వచ్చేవాడు.

"పాడైందని తిట్టుకుంటే ఏమొస్తది? ఎక్కడిదాకా బాగుందో చూసుకుంట రావాలె" అనేవాడు.

మనుషుల విషయంలోనూ అంతే. నేను ఇంటర్ తప్పితే మా నాన్న నాతో మాట్లాడడం మానేశాడు. పెద్దనాన్న మార్కుల కాగితం తెప్పించుకుని చూసి, "లెక్కలు తప్ప అన్నీ పాసే కదరా" అన్నాడు మా నాన్నతో. నేను దుకాణం పెడతానంటే తన పాత కంప్యూటర్ ఇచ్చిందీ ఆయనే.

పోయిన నెల ఒక ఉదయం ఆ కంప్యూటర్ బటన్ నొక్కితే ఉలకలేదు, పలకలేదు. రిపేరు చేసే అతను ఫోన్‌లోనే "దాని పని అయిపోయింది, కొత్తది తీసుకో" అన్నాడు. కొత్తది కొనే స్తోమత నాకు లేదు. అది లేవకపోతే దుకాణం మూసుకోవాల్సిందే. పెద్దనాన్న అప్పటికే దవాఖానాలో ఉన్నాడు. అన్నం ముట్టడం లేదని, నోరు తెరిచి మాట్లాడడం లేదని పెద్దమ్మకు దిగులు. ఈ సంగతి ఆయనకు చెప్పకూడదనుకునే ఫోన్ చేశాను. పెద్దమ్మ ఆయనకిచ్చింది.

"గొంతు గట్లుందేంది బిడ్డా?"

చెప్పక తప్పలేదు.

"కంప్యూటర్ నేనెన్నడు విప్పలే. కరెంటైతే ఎరికే. అదే సాకెట్ల ఫ్యాన్ పెట్టి చూడు."

"తిరుగుతుంది పెద్దనాన్నా."

"అయితే గోడ దాకా మంచిగుంది. ఇగ తీగ మార్చు."

మానిటర్ కరెంటు తీగ తీసి కంప్యూటర్ డబ్బాకు పెట్టాను. లేవలేదు. ప్లగ్గు పీకించి, డబ్బా మూత విప్పించాడు. ప్లగ్గు పీకానని రెండుసార్లు నాతో చెప్పించుకున్నాడు. తర్వాత దూరం జరిగి, మళ్ళీ ప్లగ్గు పెట్టి చూడమన్నాడు. లోపల బోర్డు మీద చిన్న పచ్చ లైటు వెలిగింది.

"అవ్, లోపటిదాకా వచ్చింది." ఆయన గొంతులో ఓపిక వచ్చినట్టు తోచింది. "దాన్ని లెమ్మని చెప్పేటోడే లేడు. బటన్ కాడి నుంచి సన్న తీగ పోతది, అది చూడు. ముందు ప్లగ్గు పీకు."

పీకి, ఆ తీగ వెంట వేలు పోనిచ్చాను. మధ్యలో ఎలుక కొరికి తెగి ఉంది. ఆయన చెప్పినట్టే కొసలు ఒలిచి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టాను. ప్లగ్గు పెట్టి బటన్ నొక్కితే లోపలి ఫ్యాన్ గుయ్యిమని అందుకుంది.

"ఏమైంది?"

"లేచింది పెద్దనాన్నా."

"ఫోన్ దాని కాడ పెట్టు."

పెట్టాను.

ఆ మధ్యాహ్నం ఆయన అడిగి మరీ అన్నం తిన్నాడట. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు. కర్మ అయ్యాక పెద్దమ్మ ఆ ఉదయం సంగతి చెప్పింది. ఇక్కడ నేను ఫోన్ కంప్యూటర్‌కు ఆనించి పట్టుకున్నంతసేపూ అక్కడ ఆయన కళ్ళు మూసుకుని వింటూనే ఉన్నాడట. నర్సు సూది మందు తెచ్చి పక్కన నిలబడితే, చెవి దగ్గరి ఫోన్ తీయకుండా, రెండో చెయ్యి దుప్పటి మీది నుంచి కొంచెం పైకెత్తి, ఆగమన్నాడట.